చిన్న లేత్‌కు ఏ కార్బైడ్ ఇన్సర్ట్? డబ్ల్యూఎన్‌ఎంజీ కొనాలా, సీసీఎంటీ కొనాలా?

1 | హన్మకొండ లేత్

అందరికీ నమస్కారం. ములుగు రోడ్డు వైపు నాకు చిన్న షెడ్డు ఉంది. అందులో ఒక బెంచ్ లేత్. సెంటర్ హైట్ 110 మి.మీ., సెంటర్ల మధ్య 500. ఒక హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటారు. బెల్టు మార్చుకుంటే 130 నుంచి 1600 ఆర్‌పీఎం వరకు వస్తుంది. ఇప్పటిదాకా హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) బిట్లు, కార్బైడ్ మొన బ్రేజింగ్ చేసిన వీడియా టూళ్లతోనే నెట్టుకొస్తున్నాను. పని కంటే రాయి మీద పదును పెట్టడానికే ఎక్కువ పొద్దు పోతోంది. అందుకని ఇన్సర్ట్‌లకు, అంటే హోల్డర్‌లో బిగించి అంచు అరిగితే తిప్పి పెట్టుకునే కార్బైడ్ బిళ్లలకు మారదామనుకుంటున్నాను.

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో టూల్ షాపుకు ఫోన్ చేసి అడిగితే "డబ్ల్యూఎన్‌ఎంజీ 080408 తీసుకోండి, ఒక్కోదానికి 6 అంచులు, సీసీఎంటీకి రెండే" అన్నారు. లెక్క వినడానికి బాగుంది. కానీ హోల్డర్ 20 మి.మీ. షాంక్ (టూల్ పోస్టులో బిగించే కాడ) అంట. నా టూల్ పోస్టులో 12 దాటితే మొన సెంటర్ కంటే పైకి పోతుంది. 12 షాంక్‌లో ఆ హోల్డర్ దొరుకుతుందా?

నా దగ్గరికి వచ్చే పనులు: ఎంఎస్ (మైల్డ్ స్టీల్) బ్రైట్ బార్ పిన్నులు (10 నుంచి 30 మి.మీ. వరకు), స్ప్రేయర్ల గన్‌మెటల్ (ఒక రకం కంచు) బుష్‌లు, అప్పుడప్పుడు సబ్‌మర్సిబుల్ షాఫ్ట్‌లు. సీజన్ మొదలయ్యే ముందు రైస్ మిల్లుల నుంచి వెల్డింగ్ పెట్టి నింపిన షాఫ్ట్‌లు కూడా వస్తాయి. అన్నింటికీ ఒకే ఇన్సర్ట్ సరిపోతుందా?

2 | సిరిసిల్ల మరమగ్గం

సీసీఎంటీ. ఇంకో మాట లేదన్నా. నీ మోటారుకు ఆ 6 అంచుల్లో ఒక్కటి కూడా సరిగ్గా కోయదు.

3 | వర్క్‌షాప్ సారు

సిరిసిల్ల తమ్ముడు చెప్పింది నిజమే. ఎందుకో కూడా తెలిస్తే రేపు ఇంకో షాపులో ఇంకో పేరు చెప్పినా తడబడరు.

సీసీఎంటీ 060204 తీసుకోండి. మొదటి అక్షరం ఆకారం చెబుతుంది. సీ అంటే మూల 80 డిగ్రీలు ఉన్న డైమండ్. రెండో సీ అంటే కోసే అంచు కింద 7 డిగ్రీల క్లియరెన్స్. ఎం కొలతల టాలరెన్స్. టీ అంటే మధ్యలో స్క్రూ తల కూర్చునే రంధ్రం, ఒక ముఖం మీదే చిప్ బ్రేకర్, అంటే కోసిన చిప్‌ను తెంచే గాడి. అంకెల్లో 06 అంచు పొడవు, 02 అంటే మందం 2.38 మి.మీ., చివరి 04 నోస్ రేడియస్, అంటే మొన గుండ్రం, 0.4 మి.మీ.

డబ్ల్యూఎన్‌ఎంజీలో రెండో అక్షరం ఎన్, అంటే క్లియరెన్స్ సున్నా. పక్కలు నిలువుగా ఉంటాయి కాబట్టి తిరగేసి రెండో ముఖం కూడా వాడుకోవచ్చు. మూడు మూలలు, రెండు ముఖాలు, 6 అంచులు అలా వచ్చాయి. కానీ అంచు కింద ఖాళీ లేకుండా ఏ టూలూ కోయదు కదా. ఆ ఖాళీ కోసం హోల్డరే ఇన్సర్ట్‌ను ముందుకు వంచి పట్టుకుంటుంది. దాంతో లోహం మీద నెట్టుడు పెరుగుతుంది. పైగా ఈ రకం అంచును తయారీలోనే కాస్త మొద్దుగా గుండ్రం చేస్తారు, బరువైన కోతకు విరగకుండా. మీడియం చిప్ బ్రేకర్‌తో వచ్చే 080408 సరిగ్గా పనిచేయాలంటే సుమారు 1 మి.మీ. పైన కోత, 0.2 చుట్టూ ఫీడ్ (చక్ ఒక చుట్టు తిరిగితే టూల్ జరిగే మి.మీ.) ఇవ్వాలి. అంతకు తగ్గితే కోయదు, రుద్దుతుంది. చిప్ తెగదు, తీగలా చుట్టుకుంటుంది.

లెక్క చూడండి. ఎంఎస్‌కు చదరపు మి.మీ.కు సుమారు 2000 న్యూటన్ల కోత బలం కావాలి. వేగం నిమిషానికి 100 మీటర్లు, కోత 1.5, ఫీడ్ 0.25 అనుకుందాం. 100 × 1.5 × 0.25 × 2000 ను 60000తో భాగిస్తే 1.25 కిలోవాట్లు. మీ మోటారు 0.75. అందులో బెల్టు, బేరింగులు తినేది పోగా చక్ దగ్గర ఇంకా తక్కువ. అదే సీసీఎంటీతో 0.7 కోత, 0.1 ఫీడ్ ఇస్తే పావు కిలోవాట్ చుట్టూ సరిపోతుంది.

4 | కాజీపేట కాకా

నేను రైల్వే షెడ్డులో టర్నర్‌గా చేసి రిటైరైన మనిషిని. పిల్లలు ఎవరు లేత్ కొన్నా మొదటి రోజే ఇన్సర్ట్‌లు అంటారు. తమ్మీ, నీకు 10 మి.మీ. పిన్నులు కూడా ఉన్నాయన్నావు. 10 మి.మీ. బార్ 1600లో తిప్పితే నిమిషానికి 50 మీటర్లు. కార్బైడ్‌కు అది నడక. ఆ వేగంలో ఎంఎస్ అంచుకు అంటుకుంటుంది, ముద్ద కడుతుంది, ఆ ముద్ద ఊడినప్పుడల్లా పని మీద గీతలు పడతాయి. మంచి హెచ్‌ఎస్‌ఎస్ బిట్టుకు పదును పెట్టి, వేగం సగానికి తగ్గించి కట్టింగ్ ఆయిల్ పూసుకుంటూ పో. అద్దంలా వస్తుంది. పదును పెట్టడం రాక ఇన్సర్ట్ కొంటే రెండు విధాలా నష్టం.

5 | హన్మకొండ లేత్

కాకా, పదును పెట్టడం వచ్చు. నా ఇబ్బంది అది కాదు. ఒకే కొలత పిన్నులు 40, 50 ఒకేసారి వస్తాయి. బిట్టు తీసి రాయి మీద పెట్టి మళ్లీ బిగిస్తే డయల్ రీడింగ్ మారిపోతుంది, మొదటి నుంచి కొలుచుకోవాలి. ఇన్సర్ట్ అయితే తిప్పి పెడితే దాదాపు అదే చోటికి వస్తుందని విన్నాను.

6 | వర్క్‌షాప్ సారు

దాదాపే. ఎం తరగతి ఇన్సర్ట్ తిప్పితే మొన దగ్గర 0.05 మి.మీ. లేదా ఆ పైన తేడా రావచ్చు. జీ తరగతి అంటే చుట్టూ గ్రైండ్ చేసింది, తేడా ఇంకా తక్కువ. బేరింగ్ కూర్చునే చోటైతే ఇన్సర్ట్ మార్చగానే ఒకసారి మైక్రోమీటర్ పెట్టాల్సిందే. పిన్నుకు అంత అక్కర్లేదు.

కాకా చెప్పిన ముద్ద విషయంలో వాదించను, అది ఉన్నదే. 10 మి.మీ. లోపు ఎంఎస్‌కు నేనైనా హెచ్‌ఎస్‌ఎస్ పట్టుకుంటాను. కానీ 25 మి.మీ. బార్ 1600లో తిరిగితే 125 మీటర్లు అవుతుంది. అక్కడ కార్బైడ్ హాయిగా కోస్తుంది. ఒకే లేత్ మీద బార్ సైజును బట్టి ఇద్దరి మాటా నిజమే.

7 | సిరిసిల్ల మరమగ్గం

చిన్న బార్లకు ఇంకో దారి ఉంది. సీసీజీటీ, అల్యూమినియం కోసం చేసేవి, పైన కోటింగ్ లేకుండా పాలిష్ చేసి మెరుస్తూ ఉంటాయి. అంచు బ్లేడులా ఉంటుంది. వాటితో ఎంఎస్ మీద 0.1, 0.2 ఫినిషింగ్ కోత తీసి చూడండి. వేగం తక్కువైనా ముద్ద కట్టడం బాగా తగ్గుతుంది. అల్యూమినియంకే అని బాక్సు మీద రాసి ఉంటుంది, పట్టించుకోకండి. అంచు ఎక్కువ రోజులు రాదు, అది ఒప్పుకుంటాను. వెల్డింగ్ ఉన్న చోట, కీవే ఉన్న చోట మాత్రం పెట్టొద్దు, వెంటనే మూల రాలుతుంది.

మా మగ్గాల నైలాన్ బుష్‌లు, గన్‌మెటల్ బుష్‌లకు కూడా అదే. నైలాన్ మీద మామూలు కోటింగ్ ఇన్సర్ట్ పెడితే కోయదు, కరిగిస్తుంది.

8 | జమ్మికుంట జిన్నింగ్

రైస్ మిల్లు షాఫ్ట్‌ల సంగతి ఎవరూ ఎత్తలేదు. అసలు తలనొప్పి అక్కడే. మాది జిన్నింగ్ మిల్లు మెయింటెనెన్స్. బేరింగ్ కూర్చునే చోట అరిగితే వెల్డింగ్ పెట్టి నింపి మళ్లీ సైజుకు తెస్తాం. పత్తి సీజన్‌లో ఆగే టైము ఉండదు, రాత్రికి రాత్రే కావాలంటారు.

ఈ పని మీద కొత్త ఇన్సర్ట్ పెట్టడమంటే డబ్బు కాల్చుకోవడమే. పైపొర ఎగుడుదిగుడు, టూల్ ఒక చుట్టులో పది సార్లు గాలిలోకి పోయి పది సార్లు గుద్దుకుంటుంది. మధ్యలో స్లాగ్ ముక్కలు. వెల్డింగ్ చేసిన వెంటనే ఎవరో నీళ్లు పోస్తారు, లోపల ఈఎన్8 (మీడియం కార్బన్ స్టీలు) లేదా అంతకంటే కార్బన్ ఎక్కువున్న స్టీలు ఉంటే వెల్డింగ్ అంచున గట్టిపడి కూర్చుంటుంది. ఫైల్ పెట్టి చూస్తే జారిపోతుంది. అలాంటి చోట ఏ ఇన్సర్ట్ అయినా ఒకటే.

నేను చేసే పద్ధతి చెబుతాను. వెల్డింగ్‌కు ముందు షాఫ్ట్ వెచ్చబెట్టమంటాను. అయ్యాక సున్నం పొడిలోనో బూడిదలోనో పెట్టి మెల్లగా చల్లారనిస్తాం. లేత్ మీద మొదటి కోత బ్రేజింగ్ వీడియా టూల్‌తో, వేగం తక్కువ, కోత మాత్రం లోతుగా. గుంతల అడుగు కన్నా కిందికి మొన పోవాలి. భయపడి పైపైన గీకితే మొన మొత్తం ఆ గట్టి పొర మీదే రుద్దుకుంటుంది. వీడియా టూల్ పగిలితే మళ్లీ రాయి మీద పెట్టుకోవచ్చు. చర్మం ఊడి లోహం మెరిశాక ఇన్సర్ట్ పెట్టి సైజుకు తెస్తాం.

9 | కాజీపేట కాకా

ఇది వినండి అందరూ. వీడియా టూల్ పారేయొద్దు అనేది ఇందుకే. దానికి పదును పెట్టేటప్పుడు పచ్చ రాయి వాడాలి, మామూలు బూడిద రంగు రాయి కార్బైడ్‌ను కోయదు. ఎర్రగా కాలిందని నీళ్లలో ముంచితే టిప్ పగుళ్లు బారుతుంది. ఇంకొకటి, ఆ ధూళిలో టంగ్‌స్టన్‌తో పాటు కోబాల్ట్ ఉంటుంది, ఊపిరితిత్తులకు చెరుపు. మా కాలంలో మాస్కు ఎవరూ కట్టలేదు, మీరు కట్టుకోండి.

10 | హన్మకొండ లేత్

జమ్మికుంట అన్నా, చాలా థ్యాంక్స్. నా లేత్‌కు లోతు కోత అంటే మోటారు మూలుగుతుంది. 40 మి.మీ. షాఫ్ట్ మీద ఎంత ఇవ్వొచ్చు?

11 | జమ్మికుంట జిన్నింగ్

నిజం చెప్పాలంటే 40 మి.మీ. నింపిన షాఫ్ట్ మీ లేత్ పని కాదు. ఆరడుగుల లేత్ ఉన్నవాళ్లకు పంపి పైపొర తీయించుకోండి, ఫినిషింగ్ మీ దగ్గర చేసుకోండి. 20, 25 అయితే 1 మి.మీ. కోత, ఫీడ్ చేత్తో మెల్లగా, బ్యాక్ గేర్ ఉంటే అందులో పెట్టి చేయొచ్చు. ఒకటి గుర్తుంచుకోండి. టూల్ కోతలో ఉండగా చక్ ఆగిందంటే కార్బైడ్ మూల పోయినట్టే. మోటారు ఆపాలంటే ముందు టూల్ వెనక్కి తీయాలి.

12 | ఖని ఫిట్టర్

చివరి మాట బంగారం. దానికి ఒకటి కలుపుతాను. సాయంత్రం వ్యవసాయ మోటార్లు నడిచే వేళ సింగిల్ ఫేజ్ వోల్టేజీ పడిపోయే ఊళ్లలో మోటారు కుంగో, బెల్టు జారో చక్ ఆగడం మామూలే. ఇన్సర్ట్ నాణ్యత లేదని షాపువాడిని తిట్టుకుంటాం. బెల్టు టెన్షన్, వోల్టేజీ రెండూ చూసుకున్నాక తిట్టుకోవచ్చు.

సెంటర్ హైట్ గురించి కూడా. ఇన్సర్ట్ మొన ఎంత మంచిదైనా సెంటర్‌కు అర మి.మీ. పైన ఉంటే కోయదు, నెడుతుంది. కింద ఉంటే ఫేసింగ్‌లో (బార్ చివర చదును చేసేటప్పుడు) మధ్యలో చిన్న బొడిపె మిగులుతుంది. సులువైన పరీక్ష: గుండ్రని బార్ బిగించి, బార్‌కూ టూల్ మొనకూ మధ్య 6 అంగుళాల స్టీల్ స్కేల్ మెల్లగా నొక్కి పట్టండి. స్కేల్ నిటారుగా నిలిస్తే సరే. పైభాగం మీ వైపు వంగితే మొన కిందికి ఉంది, అవతలి వైపు వంగితే పైకి ఉంది. ప్యాకింగ్ రేకులు తీసో వేసో సరిచేయండి. మొన చిట్లేంత గట్టిగా నొక్కొద్దు.

గిబ్ (స్లైడు బిగింపు పట్టీ) వదులుగా ఉంటే, స్పిండిల్ బేరింగ్ ఆడుతుంటే ఏ కంపెనీ ఇన్సర్ట్ పెట్టినా చ్యాటర్ (వణుకు) వస్తుంది. ఇది రాయకపోతే రేపు ఇదే థ్రెడ్‌లో ఇంకో ప్రశ్న వస్తుంది.

13 | సిరిసిల్ల మరమగ్గం

ఖని అన్న రాసినదానికి కొనసాగింపు. నోస్ రేడియస్ కూడా చ్యాటర్‌కు కారణమే. రాణిగంజ్‌లో చెప్పిన 080408లో చివరి 08 అంటే 0.8 మి.మీ. చిన్న లేత్ మీద 0.3 ఫినిషింగ్ కోత తీస్తే ఆ గుండ్రం మొత్తం అడ్డంగా ఆనుకుని బార్‌ను వెనక్కి తోస్తుంది. సన్నని పొడుగు పిన్ను అయితే మధ్యలో లావుగా, చివర్ల సన్నగా వస్తుంది. 04 తీసుకో. 12 మి.మీ. కన్నా సన్నవాటికి 02 కూడా పెట్టుకో, కానీ 02 మొన నాజూకు.

14 | వర్క్‌షాప్ సారు

ఇక్కడ ఇచ్చిపుచ్చుకోవడం ఉంది. గరుకు ఎంత వస్తుందో ఉజ్జాయింపుగా ఫీడ్ వర్గాన్ని 8 రెట్ల నోస్ రేడియస్‌తో భాగిస్తే తెలుస్తుంది. ఫీడ్ 0.1, రేడియస్ 0.4 అయితే 0.01 ను 3.2 తో భాగించాలి, మూడు మైక్రాన్ల పైచిలుకు. రేడియస్ 0.8 అయితే అందులో సగం. కాగితం మీద 0.8 గెలుస్తుంది. మీ లేత్ మీద గెలవదు, ఎందుకంటే వణుకు వల్ల వచ్చే గీతలు ఆ లెక్కలో లేవు. 0.2 రేడియస్‌తో అదే ఫీడ్ ఇస్తే గరుకు రెట్టింపవుతుంది, కాబట్టి ఫీడ్ తగ్గించాలి. ఆటో ఫీడ్‌లో 0.05 లాంటివి ఉన్నాయా మీ లేత్‌కు? ఉంటే 02 పనికొస్తుంది.

కోత లోతు కనీసం నోస్ రేడియస్‌లో మూడింట రెండు వంతులు ఉండాలని పాత నియమం. 0.4 కు 0.25, 0.3 చుట్టూ. చివరి కోతకు 0.05 మిగిల్చి గీకుదామనే అలవాటు హెచ్‌ఎస్‌ఎస్‌తో చెల్లుతుంది, కోటింగ్ ఉన్న ఇన్సర్ట్‌తో చెల్లదు. చివరి రెండు కోతలు సమానంగా పంచుకోండి, 0.3, 0.3. మొదటిదాని తర్వాత కొలిచి రెండోదానిలో సరిచేసుకోవాలి.

15 | రాణిగంజ్ బండి

నేను వరంగల్, కరీంనగర్ షాపులకు టూళ్లు సప్లై చేస్తాను. పై పోస్టులో షాపువాళ్లు అన్నది నన్ను కాదు లెండి. వాళ్ల తరఫున ఒక మాట. ఫోన్‌లో "లేత్‌కు ఇన్సర్ట్ కావాలి" అంటే నూటికి తొంభై మంది దగ్గర పెద్ద లేతే ఉంటుంది, అందుకే డబ్ల్యూఎన్‌ఎంజీ, సీఎన్‌ఎంజీ, టీఎన్‌ఎంజీ చెబుతారు. ముందే షాంక్ సైజు, మోటారు చెప్పండి.

12 షాంక్‌లో ఎస్‌సీఎల్‌సీఆర్ 1212 హోల్డర్ అడగండి. ఎక్కువగా 09 సైజు ఇన్సర్ట్‌తో వస్తుంది, అంటే సీసీఎంటీ 09టీ304. 10 షాంక్‌లో 06 సైజు. నా ఓటు 09కే. మందం దాదాపు 4 మి.మీ., స్క్రూ పెద్దది, అన్ని గ్రేడులూ దొరుకుతాయి. 06 అయితే బోరింగ్ బార్‌కూ అవే ఇన్సర్ట్‌లు పనికొస్తాయి, అది దాని లాభం.

గ్రేడ్ విషయం. బాక్సు మీద పీ, ఎం, కే, ఎన్ అక్షరాలు, రంగులు ఉంటాయి. నీలం పీ స్టీలుకు, పసుపు ఎం స్టెయిన్‌లెస్‌కు, ఎరుపు కే క్యాస్ట్ ఐరన్‌కు, ఆకుపచ్చ ఎన్ అల్యూమినియం, ఇత్తడి లాంటివాటికి. పక్క అంకె చిన్నదైతే గట్టిది కానీ పెళుసు, పెద్దదైతే దెబ్బకు తట్టుకుంటుంది, అరుగుదల ఎక్కువ. చిన్న లేత్‌కు పీ10 వద్దు, పీ25 నుంచి పీ35 మధ్యలో తీసుకోండి. మీ వేగాలకు అరుగుదల కంటే చిట్లడమే ఎక్కువ.

వేగం, ఫీడ్, కోత ఎంత నుంచి ఎంత అనేది కూడా మంచి బ్రాండ్ల బాక్సు మీదే ఉంటుంది. కొనేముందు ఆ కింది అంకె చూడండి. అది మీ లేత్ ఇవ్వలేనిది అయితే ఆ ఇన్సర్ట్ మీకు కాదు. ఆన్‌లైన్‌లో వీపీ15టీఎఫ్ అని రాసి చవకగా వచ్చేవన్నీ మిత్సుబిషివి కావు. పనిచేయవని అనను, కొన్ని బాగానే కోస్తాయి. ఒక ప్యాకెట్‌లో ఉన్న తీరు ఇంకో ప్యాకెట్‌లో ఉంటుందని మాత్రం హామీ లేదు.

16 | హన్మకొండ లేత్

సప్లై అన్నా, కోటింగ్ సీవీడీయా, పీవీడీయా అని కూడా అడుగుతున్నారు. ఏది?

17 | రాణిగంజ్ బండి

పీవీడీ. కోటింగ్ పలచన, అంచు పదునుగా మిగులుతుంది. సీవీడీ మందంగా ఉంటుంది, ఎక్కువ వేగంలో ఎక్కువసేపు నడిచే సీఎన్‌సీలకు అది. అల్యూమినియంకు రెండూ వద్దు, సిరిసిల్ల అన్న చెప్పిన కోటింగ్ లేని సీసీజీటీ. కొర్లాయ్‌లో హెచ్01 గ్రేడ్, ఏకే చిప్ బ్రేకర్ అని అడిగితే ఇస్తారు.

18 | ఖని ఫిట్టర్

ఎవరూ డీసీఎంటీ గురించి మాట్లాడట్లేదేంటి? 55 డిగ్రీల మూల. ఎస్‌డీజేసీఆర్ హోల్డర్ ఒక్కటి ఉంటే టర్నింగ్, ఫేసింగ్, లోపలికి వంగిన ప్రొఫైల్, టెయిల్‌స్టాక్ సెంటర్ పక్కన ఇరుకు చోటు, అన్నీ అయిపోతాయి. సీసీఎంటీ హోల్డర్ టెయిల్‌స్టాక్‌కు తగిలి విసుగొస్తుంది. నా దగ్గర ఎప్పుడూ బిగించి ఉండేది డీసీఎంటీయే.

19 | సిరిసిల్ల మరమగ్గం

మూల సన్నగా ఉంటే విరిగేది కూడా తొందరగానే అన్నా. ఫినిషింగ్‌కు ఓకే. వచ్చే పనిలో సగం తుప్పు పట్టిన బార్లు ఉన్నవాళ్లకు 80 డిగ్రీలే మేలు.

20 | ఖని ఫిట్టర్

తుప్పు బార్ మీద జమ్మికుంట అన్న వీడియా టూల్ పెట్టుకోవచ్చు కదా. సరే, ఎవరి పని వాళ్లది.

21 | జమ్మికుంట జిన్నింగ్

సీసీఎంటీకి రెండు అంచులే అని మొదట అన్నారు. 80 డిగ్రీల మూలలు రెండైతే, మిగతా రెండు మూలలు 100 డిగ్రీలు. అవి ఇంకా గట్టివి. వాటిని వాడే 75 డిగ్రీల హోల్డర్లు దొరుకుతాయి. మూలకు చతురంగా స్టెప్ రాదు కానీ బార్ పైపొర తీయడానికి బ్రహ్మాండం. నేను అరిగిన ఇన్సర్ట్‌లన్నీ డబ్బాలో వేసి ఉంచి వాటితో రఫింగ్ చేస్తాను. అలా చూస్తే 4 అంచులు. రాణిగంజ్ లెక్క కొంచెం మారుతుంది కదా.

22 | హన్మకొండ లేత్

ఇది తెలియదు! ఇక సబ్‌మర్సిబుల్ షాఫ్ట్‌ల సంగతి. నిన్న ఒకటి వచ్చింది. హెచ్‌ఎస్‌ఎస్‌తో గీకితే మెరుస్తోంది కానీ కోత పడట్లేదు. టూల్ మొన నల్లబడిపోయింది.

23 | వర్క్‌షాప్ సారు

ఆ షాఫ్ట్‌లు ఎక్కువగా 410 రకం స్టెయిన్‌లెస్, కొన్ని 304. ముందు అయస్కాంతం పెట్టి చూడండి. 410 గట్టిగా పట్టుకుంటుంది, 304 దాదాపు పట్టదు. 304 అయితే టూల్ రుద్దిన చోట పైపొర గట్టిపడిపోతుంది. మీరు "గీకితే" అన్నారు, సమస్య అక్కడే పుట్టింది. తర్వాత వచ్చే మొన ఆ గట్టి పొర మీదే తిరుగుతుంది. అందుకే ఫీడ్ ఆపకుండా, 0.08 కంటే తగ్గకుండా, లోతు ఆ పొర కిందికి ఉండేలా ఇవ్వాలి. ఎం గ్రేడ్ పీవీడీ ఇన్సర్ట్, పదునైన చిప్ బ్రేకర్. వేగం ఎంఎస్ కంటే తక్కువ, నిమిషానికి 60 నుంచి 80 మీటర్లు మీకు సౌకర్యంగా ఉంటుంది.

కూలెంట్ పోస్తే ధారగా ఆపకుండా పోయాలి, లేదంటే అసలు వద్దు. ఎర్రగా కాలిన కార్బైడ్ మీద బ్రష్‌తో చుక్కచుక్కగా చల్లితే వేడి, చల్లదనం మారి మారి తగిలి అంచు మీద సన్నని పగుళ్లు వస్తాయి. హెచ్‌ఎస్‌ఎస్ అలవాటు ఉన్నవాళ్లు ఇక్కడే ఇన్సర్ట్‌లు పోగొట్టుకుంటారు.

24 | కాజీపేట కాకా

410 షాఫ్ట్ గట్టిపరిచి కూడా వస్తుంది, ఫైల్ పెట్టి చూసుకోండి సారు. అది చెప్పకుండా పిల్లవాడిని పంపితే ఎట్ల?

గన్‌మెటల్ గురించి కూడా ఎవరూ సరిగ్గా చెప్పలేదు. దానికి కోటింగ్ అక్కర్లేదు, కే10 రకం పదును ఇన్సర్ట్ చాలు. బోరు చేసేటప్పుడు బార్ ఎంత బయటికి పెట్టారో చూసుకోండి. స్టీల్ బోరింగ్ బార్‌ను దాని లావుకు 4 రెట్ల కన్నా ఎక్కువ బయటికి చాపితే పాట పాడుతుంది. 10 మి.మీ. బార్ అయితే 40. అంతకంటే లోతు బోరుకు లావు బార్ వెతుక్కోవాలి గానీ ఇన్సర్ట్ మార్చి లాభం లేదు.

25 | హన్మకొండ లేత్

అందరి మాటలూ కలిపి ఇలా అనుకుంటున్నాను, తప్పుంటే చెప్పండి. ఎస్‌సీఎల్‌సీఆర్ 1212 హోల్డర్, 09 సైజు. సీసీఎంటీ 09టీ304 పీవీడీ, పీ, ఎం రెండింటికీ రాసి ఉన్నది ఒక ప్యాకెట్. సీసీజీటీ 09టీ304 హెచ్01 ఒక ప్యాకెట్, గన్‌మెటల్‌కూ ఫినిషింగ్‌కూ. 06 బోరింగ్ బార్ ఒకటి. 10 మి.మీ. లోపు పిన్నులకు హెచ్‌ఎస్‌ఎస్ అలాగే. వెల్డింగ్ షాఫ్ట్‌లకు వీడియా టూళ్లు అలాగే. పైపులకు చూడీలు (థ్రెడ్లు) తీయడానికి 16ఈఆర్ ఏజీ60 ఇన్సర్ట్ కూడా తీసుకుందామనుకుంటున్నాను.

26 | ఖని ఫిట్టర్

పైపులకు అంటే మోటారు పంపు పైపులా? అయితే ఏజీ60 వద్దు. అవి బీఎస్‌పీ (బ్రిటిష్ పైపు కొలత) చూడీలు, 55 డిగ్రీలు. ఏజీ55 తీసుకో. 60 డిగ్రీలది మెట్రిక్ బోల్టులకు. రెండూ కావాలంటే రెండూ కొనాలి, హోల్డర్ ఒకటే. 16 సైజు హోల్డర్ 12 షాంక్‌లో దొరక్కపోతే 11 సైజు చూడు. ఇన్సర్ట్ చూడీ తల కోయదు, అందుకే బయటి వ్యాసం ముందే సైజుకు తెచ్చుకోవాలి. నీ లేత్‌లో అతి తక్కువ వేగం 130 అన్నావు, షోల్డర్ దాకా చూడీ తీయాలంటే చేతులు వేగంగా ఆడాలి. వీలైతే టూల్ తిరగేసి, చక్ వెనక్కి తిప్పి, చక్ నుంచి బయటికి కోస్తూ రా. స్క్రూ చక్ అయితే మాత్రం ఇది చేయకు, ఊడి వస్తుంది.

27 | రాణిగంజ్ బండి

లిస్టు బాగుంది. 09 హోల్డర్‌కు టీ15 టార్క్స్ కీ, 06 బార్‌కు టీ8. చవక హోల్డర్లతో వచ్చే కీలు రెండు మూడు సార్లకే మొద్దుబారతాయి, మంచివి విడిగా కొనండి. స్క్రూలు నాలుగైదు స్పేర్ అడగండి. ఇన్సర్ట్ మార్చేటప్పుడు సీటులో చిప్ ముక్క ఇరుక్కోకుండా గుడ్డతో తుడిచి పెట్టండి, కింద ఒక్క రేణువు ఉన్నా స్క్రూ బిగించగానే ఇన్సర్ట్ మధ్యకు విరుగుతుంది.

28 | హన్మకొండ లేత్

మా లేత్ చక్ స్క్రూ రకమే అన్నా, మంచి మాట చెప్పారు. ఏజీ55 రాసుకున్నాను. పార్టింగ్ (బార్‌ను తెంపడం) గురించి అడగడం మరిచాను: ఎంజీఎంఎన్ 200 ఇన్సర్ట్ తీసుకోవాలా, హెచ్‌ఎస్‌ఎస్ బ్లేడా?

29 | సిరిసిల్ల మరమగ్గం

మీ లేత్‌కు హెచ్‌ఎస్‌ఎస్ బ్లేడ్. ఎంజీఎంఎన్ 200 వెడల్పు 2 మి.మీ.యే కానీ ఆపకుండా గట్టిగా ఫీడ్ ఇస్తేనే కోస్తుంది, మోటారు ఆగితే ఇన్సర్ట్ పోతుంది. బ్లేడ్ బయటికి తక్కువ పెట్టి, క్యారేజ్ లాక్ చేసి, ఆయిల్ ధారాళంగా వేయి. కొత్త థ్రెడ్ పెట్టు, ఫొటోలతో చెబుతాను.